మైనారిటీ యను మాట

మైనారిటీ యను ఆంగ్ల నామమును తెలుగువారు రెండర్థములలో వాడుచున్నారు. మైనారిటీ తీరుట యనగా పదునెనిమిదేండ్లు నిండి ఆస్తి వ్యవహారములకు అర్హత కలుగుట. సోకుగా తిరుగు యువకుని మైనరు బాబు అనుటయు నీ మాట చలువయే.

రెండవ యర్థము సంఖ్యకు చెందినది. రాష్ట్రాంతర తెలుగువారికి కావలసిన దిదియే. మతమును బట్టి గాని భాషను బట్టి గాని అల్పసంఖ్యాకులైనవారు తమకు నచ్చిన విద్యాసంస్థలను నెలకొల్పుకొని నడుపుకొనవచ్చునని భారత రాజ్యాంగము 30వ అధికరణమున చెప్పినది. కాని అల్పసంఖ్యాకులనగా నెవరో నిర్వచింపలేదు. ఏ లెక్కలో అల్పము? ఊరిలోనా, రాష్ట్రములోనా, దేశములోనా? 2002లో టి. ఎం. ఎ. పై ఫౌండేషన్ వ్యాజ్యమున పదకొండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము రాష్ట్రమే ప్రమాణమని తేల్చినది. కావున హోసూరు తెలుగువాడు తమిళనాట అల్పసంఖ్యాకుడు. చిత్తూరు తమిళుడు ఆంధ్రప్రదేశమున అట్టివాడే. యానాము సంగతి మరింత చిత్రము. ఊరంతయు తెలుగే, అయినను పుదుచ్చేరి ప్రాంతము మొత్తముమీద తమిళులే అధికులు.

1956లో చేరిన 350-ఎ అధికరణము ఇట్టివారి పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభించుటకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనన్నది. యత్నింపవలె ననుటకును కల్పింపవలె ననుటకును చాల దూరము కలదు.

ఇక సంఖ్య తేలునది జనాభా లెక్కలలో. అందు మాతృభాషగా వ్రాయబడునది ఇంటివారు చెప్పిన మాటయే. ఇంట తెలుగు పలుకుచు, లెక్కలు వ్రాయువానితో రాష్ట్రభాష పేరు చెప్పిన కుటుంబము ఆ పట్టికలో తెలుగు కుటుంబము కాదు.