మీకు తెలుసా? సముద్రం లెక్క సరిచూసేది అడుగు నీళ్లే!

జహీరాబాద్ మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి పుణెలో బయల్దేరి మచిలీపట్నం దగ్గర సముద్రాన్ని చేరుతుంది. ఆ దారి మధ్యలోనే, తీరానికి చాలా దూరంగా, దేశం మొత్తానికి సముద్రపు లెక్కలు భద్రపరిచే సంస్థ ఉందని మీకు తెలుసా? హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్న భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం అది. అందరూ ఇన్‌కాయిస్ అంటారు. 1999లో పెట్టారు. సునామీ హెచ్చరికలు ఇస్తుందనీ, చేపలు ఎక్కడ దొరుకుతాయో జాలర్లకు చెబుతుందనీ మనం పేపర్లో చదువుతుంటాం. యునెస్కో సముద్ర కమిషన్ వ్యవస్థలో మన దేశం తరఫున జాతీయ సముద్ర డేటా కేంద్రం కూడా ఇదే. సముద్రం మీంచి వచ్చిన కొలతల్ని పరీక్షించి, ఏది నమ్మాలో ఏది నమ్మకూడదో గుర్తు పెట్టడం ఇక్కడి పనుల్లో ఒకటి. ఆ పనికి దక్కాల్సినంత పేరు దక్కలేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

మనుషులు గాలిలోకి వదులుతున్న కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతును సముద్రమే ఇముడ్చుకుంటోంది. విశాల సముద్రంలో పైపొర నీళ్లు ఒక కిలో తీసుకుంటే అందులో కరిగిన కార్బన్ సుమారు 2,000 మైక్రోమోల్‌లు. ఏడాదికి పెరిగేది ఒకటి, అటూఇటుగా. రెండు వేలలో ఒకటన్నమాట! ఒక ఓడలోని యంత్రం నాలుగు మైక్రోమోల్‌లు ఎక్కువ చూపిస్తే, నాలుగేళ్లలో రావాల్సిన మార్పు ఒక్క రోజులో వచ్చినట్టు కనబడుతుంది. కొలతను అంత గట్టిగా పరీక్షించేది ఇందుకే.

లోతు నీళ్లు ఎలా తెస్తారు? ఉక్కు చట్రానికి చుట్టూ పొడవాటి సీసాలు బిగించి, తీగకు వేలాడదీసి, నాలుగైదు కిలోమీటర్ల దిగువకు పంపుతారు. పైకి లాగుతూ ఒక్కో లోతు దగ్గర ఒక్కో సీసా మూత వేస్తారు. చట్రం డెక్ మీదికి వచ్చాక అసలు హడావిడి మొదలు. ఏ శాంపిల్ ముందు పట్టాలో ఒక వరస ఉంటుంది. ఆక్సిజన్ లాంటి వాయువులు ముందు, తర్వాత కార్బన్, ఆ తర్వాత పోషకాలు, అన్నిటికన్నా చివర ఉప్పు. సీసా ఖాళీ అవుతున్నకొద్దీ లోపలికి గాలి చేరుతుంది. గాలి తగిలితే ఆక్సిజన్ లెక్క పాడవుతుంది, ఉప్పుకు ఏమీ కాదు.

ఆక్సిజన్ కొలిచే పద్ధతి 1888 నాటిది. హంగరీకి చెందిన లాయోష్ వింక్లర్ కనిపెట్టాడు. రబ్బరు గొట్టాన్ని చిన్న సీసా అడుగుదాకా దించి, నీళ్లు పొర్లిపోయేలా నింపుతారు. ఒక్క బుడగ మిగిలినా ఆ శాంపిల్ పనికిరాదు. మాంగనీసు ద్రావణం, క్షారంతో కలిసిన అయోడైడ్ వేసి మూత పెట్టి కుదిపితే గోధుమ రంగు మడ్డి కడుతుంది. అందులో ఆక్సిజన్ చిక్కుకుపోతుంది. తర్వాత ఆమ్లం వేస్తే మడ్డి కరిగి, అయోడిన్ విడుదలై నీళ్లు పచ్చబడతాయి. ఆ అయోడిన్‌ను థయోసల్ఫేట్‌తో చుక్కచుక్కగా కొలుస్తారు. స్టార్చ్ వేసి చేస్తే నీలం రంగు పోయిన చుక్క దగ్గర ఆపాలి. ఇంటర్ ల్యాబులో బ్యూరెట్ పట్టుకున్న ఎవరికైనా ఇది అర్థమయ్యే పనే. నూట ముప్పై ఏళ్లు దాటినా కొత్త సెన్సర్లను ఇప్పటికీ దీనితోనే సరిచూస్తున్నారు.

కార్బన్‌కు ఇంకో కట్టుబాటు ఉంది. కూరగాయల మార్కెట్లో తూకపురాయికి ప్రభుత్వ ముద్ర ఉన్నట్టే, సముద్రపు నీటికీ ముద్ర వేసిన నమూనా సీసాలు ఉన్నాయి. అమెరికాలో కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థలో ఆండ్రూ డిక్సన్ ప్రయోగశాల వాటిని తయారుచేస్తూ వచ్చింది. నిజమైన సముద్రపు నీటిని శుద్ధి చేసి, జీవులేవీ పెరగకుండా మెర్క్యురిక్ క్లోరైడ్ కలిపి, అందులో కార్బన్ ఎంతో తేల్చి, బ్యాచ్ నంబరు వేసి పంపుతారు. ఓడలోని యంత్రం ఆ సీసాలో నీటికి సరైన అంకె చూపించాలి. చూపకపోతే తేడా ఎంతో రాసి పెట్టుకుంటారు. 2020లో కోవిడ్ వల్ల ఈ సీసాల సరఫరా దెబ్బతింటే ప్రపంచమంతటా సముద్ర రసాయన శాస్త్రవేత్తలు కంగారుపడ్డారు. ప్రపంచమంతా దాదాపు ఒకే ల్యాబు మీద ఆధారపడటం మంచిది కాదని నా అభిప్రాయం కూడా.

ఇంత చేసినా జపాను ఓడ అంకెకూ జర్మనీ ఓడ అంకెకూ తేడా వస్తుంది. ఎవరిది ఒప్పు? ఇక్కడే అడుగు నీళ్లు సాక్ష్యానికి వస్తాయి. రెండు వేల మీటర్ల దిగువన చాలా చోట్ల నీళ్లు పదేళ్లలో చెప్పుకోదగ్గంతగా మారవు. రెండు ఓడలు వేర్వేరు సంవత్సరాల్లో ఒకే చోటు దాటితే ఆ లోతు అంకెలు కలవాలి. కలవకపోతే తేడా ఎక్కువగా కొలతదే. ఇలా వందలాది ఓడ ప్రయాణాలను ఒకదానితో ఒకటి జతకట్టి, అందరి తేడాలూ కలిపి లెక్క తీసి, ఏ ప్రయాణం అంకెను ఎంత దిద్దాలో తేల్చే అంతర్జాతీయ సంకలనం పేరు గ్లోడాప్. తొలి రూపం 2004లో వచ్చింది. 2016 నాటి రెండో రూపంలో 724 ప్రయాణాలు ఉన్నాయి. 2023 కూర్పులో అవి 1,108 అయ్యాయి, నీటి శాంపిళ్లు 14 లక్షలు దాటాయి. కార్బన్‌లో నాలుగు మైక్రోమోల్‌లు, ఆక్సిజన్‌లో ఒక శాతం, పీహెచ్‌లో 0.01 లోపు తేడా ఉంటే సాధారణంగా ముట్టుకోరు. ఉత్తర అట్లాంటిక్ లాంటి చోట్ల అడుగు నీళ్లు కూడా త్వరగా మారతాయి. అక్కడ తేడా కనబడగానే దిద్దేస్తే, సముద్రంలో నిజంగా వచ్చిన మార్పునే చెరిపేసినట్టవుతుంది. అందుకే కంప్యూటరు చెప్పిన దిద్దుబాటును మనుషులు కూర్చుని చర్చించి గానీ ఒప్పుకోరు.

ఈ శ్రమ ఏం తేల్చింది? 1994 నుంచి 2007 మధ్య సముద్రాలు 3,400 కోట్ల టన్నుల కార్బన్‌ను అదనంగా ఇముడ్చుకున్నాయని 2019లో నికోలాస్ గ్రూబర్ బృందం లెక్కకట్టగలిగింది. సరిచూసిన ఈ అంకెలే దానికి ఆధారం.

సముద్రపు ఈ రసాయనానికి మన నేలతోనూ సంబంధం ఉంది. జహీరాబాద్ ఎర్రనేల కింద దక్కన్ నల్లరాయి ఉంది. వానకు నానిన మట్టిలోని కార్బన్ డయాక్సైడ్ నీటిలో కలిసి ఆ రాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. అప్పుడు పుట్టే బైకార్బనేట్ నారింజ వాగులో బీదర్ వైపు పోయి, మంజీరలో చేరి, సింగూరు, నిజాంసాగర్ దాటి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసి బంగాళాఖాతం చేరుతుంది. ఆమ్లాన్ని తట్టుకునే శక్తిని సముద్రానికి ఇచ్చేది ఇదే. శాస్త్రవేత్తలు దాన్నే ఆల్కలినిటీ పేరుతో కొలుస్తారు. అయితే నదులన్నీ ఒకేలా ప్రవర్తించవు. విశాఖలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ కేంద్రానికి చెందిన వి.వి.ఎస్.ఎస్. శర్మ, సహచరులు 2012లో చూపింది ఇది: గోదావరి, కృష్ణ లాంటి ద్వీపకల్ప నదుల నీరు చేరిన తీరం గాలిలోకి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంటే, గంగ నీరు చేరిన ఉత్తరపు తీరం పీల్చుకుంటోంది. గాల్లో కలిసిన కాలుష్యం మన తూర్పు తీరపు నీటి ఆమ్లత్వాన్ని పెంచుతోందని ఆయన బృందమే 2015లో రాసింది.

ఈ తీరం కొలతలకు పాత చరిత్రే ఉంది. 1950ల్లో యూజీన్ లఫాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, అక్కడి అధ్యాపకులు, విద్యార్థులతో కలిసి నౌకాదళ ఓడల మీద బంగాళాఖాతాన్ని కొలిచాడు. సముద్రం అడుగున ఉన్న లోయలకు ఆంధ్ర, కృష్ణ, మహదేవన్ అనే పేర్లు అప్పటి పని వల్ల వచ్చినవే.

బంగాళాఖాతంలో కొన్ని వందల మీటర్ల లోతున ఆక్సిజన్ సున్నాగా కనబడుతుంది. అది సున్నానా, సున్నాకు దగ్గరా? మామూలు పద్ధతులకు ఆ తేడా అందదు. అతి సున్నితమైన సెన్సర్లతో వెతికితే లేశమాత్రం ఆక్సిజన్ మిగిలే ఉందని తేలింది. 2017లో నేచర్ జియోసైన్స్ పత్రికలో ఆ ఫలితం వచ్చింది. అరేబియా సముద్రంలో ఆ లోతున నత్రజని పెద్ద ఎత్తున గాలిలోకి పోతుంటే, ఇక్కడ అంతగా పోకపోవడానికి ఆ లేశమే కారణం. అదీ పోతే చేపలకు ఆధారమైన పోషకాల లెక్కే మారిపోతుంది. యంత్రం చూపిన సున్నాను సున్నాగానే రాసుకుని ఊరుకుంటే ఈ సంగతి మనకు తెలిసేదే కాదు.

ఇప్పుడు ఆర్గో ఫ్లోట్లు అనే తేలే యంత్రాలు వచ్చాయి. రెండు వేల మీటర్ల దాకా మునిగి, పది రోజులకోసారి తేలి, ఉపగ్రహానికి కొలతలు పంపుతాయి. మన దేశం వదిలిన ఫ్లోట్ల డేటా చూసేది ఇన్‌కాయిసే. వాటిని తిరిగి ఒడ్డుకు తెచ్చి పరీక్షించడం మామూలుగా సాధ్యం కాదు. అందుకని పీహెచ్, నైట్రేట్ కొలిచే ఫ్లోట్లను లోతు నీటి దగ్గర, ఓడల కొలతలతో కట్టిన గ్లోడాప్ సంకలనంతోనే సరిపోల్చి దిద్దుతారు.

అనుమానం వచ్చిన అంకెను ఎవరూ చెరిపేయరు. ఓడ ఫైళ్లలో అంకె పక్కన 2 ఉంటే మంచిది, 3 ఉంటే అనుమానం, 4 ఉంటే చెడ్డది. గ్లోడాప్‌లో ఏ ప్రయాణానికి ఎంత దిద్దారో, ఎందుకు దిద్దారో అందరూ చూసే పట్టికలో ఉంటుంది. దిద్దని మూల అంకె కూడా విడిగా ఉంటుంది. తర్వాతి కూర్పుల్లో కొన్ని దిద్దుబాట్లను మళ్లీ మార్చారు కూడా. అంతా ఉచితం. కెమిస్ట్రీ చదివే డిగ్రీ పిల్లలు ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, హిందూ మహాసముద్రానికి విడి ఫైలే ఉంది.