సరిహద్దుల్లేని లోహం

స్టీలు గిన్నె అడుగున ఉప్పునీళ్లు మిగిలిపోయి రోజుల తరబడి అలాగే ఉంటే సూదితో పొడిచినట్టు సన్నని గుంటలు పడతాయి. చుట్టూ గిన్నె మెరుస్తూనే ఉంటుంది. "తినేదేదో అంతా తినొచ్చు కదా సార్, అక్కడక్కడే ఎందుకు?" అని మా తరగతిలో ఒక అమ్మాయి అడిగింది. లోహశాస్త్రంలో ఇంతకన్నా మంచి ప్రశ్న నాకు తెలియదు.

స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడేది దానిలోని క్రోమియం. గాలి తగలగానే అది పైన ఆక్సైడు పొరగా ఏర్పడుతుంది. మందం రెండు మూడు నానోమీటర్లే. ఆ పొర అంతటా ఒకేలా ఉంటే ఏ గొడవా లేదు. కానీ లోహమంటే ఇటుక గోడలాంటిది, లెక్కలేనన్ని స్ఫటిక రేణువుల పేర్పు. వెల్డింగ్ వేడికి రేణువుల సరిహద్దుల్లో క్రోమియం కార్బన్‌తో కలిసి కార్బైడుగా మారితే, ఆ పక్కనే క్రోమియం కరువవుతుంది. ఇంకోచోట మాంగనీస్ సల్ఫైడు నలుసు చిక్కుకుని ఉంటుంది. ఉప్పులోని క్లోరైడు ఇలాంటి బలహీనమైన చోట్లనే పట్టుకుంటుంది.

మరి రేణువులే లేని లోహం ఉంటే?

1960లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో పోల్ డువే బృందం కరిగిన బంగారం-సిలికాన్ మిశ్రమాన్ని రాగి మీదికి చిమ్మి, సెకనుకు పది లక్షల డిగ్రీల స్థాయి వేగంతో చల్లార్చింది. పరమాణువులు వరుస కట్టేలోపే గడ్డకట్టుకుపోయాయి. గాజులో ఉన్నట్టే చిందరవందరగా, సరిహద్దన్నది లేకుండా అస్ఫటిక లోహం, అంటే గాజులోహం తయారైంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం మాత్రం జపాన్‌లోని సెండాయ్‌లో, తొహోకు విశ్వవిద్యాలయంలో జరిగింది. 1974లో నాకా, హషిమోటో, మసుమోటో ఇనుములో క్రోమియం, భాస్వరం, కార్బన్ కలిపి, వెంట్రుకకన్నా సన్నని అస్ఫటిక రిబ్బను తీశారు. దాన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచితే బరువు తగ్గుదల కొలతకే అందలేదు. స్టెయిన్‌లెస్ స్టీలుకు గుంటలు పెట్టే ఫెర్రిక్ క్లోరైడులోనూ గుంట పడలేదు. ఇందులో ఉన్న క్రోమియమేమో పరమాణువుల లెక్కన పది శాతం లోపే సరిపోయింది. మామూలు స్టెయిన్‌లెస్ స్టీలులో పద్దెనిమిది దాకా వేస్తారు.

సరిహద్దులు లేకపోవడం ఒక్కటే కారణమైతే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ క్రోమియం వేయని ఇనుము-భాస్వరం గాజులోహం మామూలు ఇనుముకన్నా తొందరగా తుప్పు పడుతుంది! చిందరవందరగా ఉన్న పరమాణువులకు స్థిరత్వం తక్కువ, ఆమ్లంలోకి తేలిగ్గా జారిపోతాయి. కీలకం అక్కడే ఉంది. క్రోమియం వేసిన రిబ్బనులో, ఆమ్లం తాకిన తొలి క్షణాల్లో భాస్వరం ఈ కరగడాన్ని ఇంకా తొందర పెడుతుంది. ఇనుము గబగబా వెళ్లిపోతుంటే, ఉపరితలం మీద క్రోమియం పోగుపడి దాదాపు పూర్తిగా క్రోమియంతోనే నిండిన పొర కట్టేస్తుంది. కరిగే తొందరే కవచాన్ని తొందరగా తెస్తుంది, రేణువులు లేవు కాబట్టి ఆ కవచంలో అతుకులూ ఉండవు. ఉక్కును పెళుసుగా చేస్తుందని కొలిమివాళ్లు తరిమేసే భాస్వరం ఇక్కడ ఆదుకుంది. ఢిల్లీ ఇనుప స్తంభాన్ని ఇన్ని శతాబ్దాలు నిలబెట్టిందీ అందులో ఎక్కువగా ఉన్న భాస్వరమేనని ఐఐటీ కాన్పూర్ ఆచార్యుడు ఆర్. బాలసుబ్రమణ్యం వివరించారు.

గాజులోహాలకు పూర్తిగా ఎదురు దారిలో నానోస్ఫటిక లోహాలు వచ్చాయి. రేణువు సైజు వంద నానోమీటర్లకు లోపు, అంటే ఎటు చూసినా సరిహద్దులే. తుప్పుకు పండగే అనుకుంటాం. 1990ల మొదట్లో కెనడాలో ఊవే ఎర్బ్ బృందం నానో నికెల్‌ను సల్ఫ్యూరిక్ ఆమ్లంలో పరీక్షించింది. అది కాస్త ఎక్కువే కరిగింది గానీ అంతా సమంగా కరిగింది. ముతక రేణువుల నికెల్‌లో మాత్రం ఆమ్లం సరిహద్దుల వెంట లోతుగా దిగింది. వేడి గాలిలోనైతే ఇనుము-క్రోమియం నానో మిశ్రమానికి ఆ సరిహద్దులే దారులవుతాయి. లోపలి క్రోమియం వాటి వెంట త్వరగా పైకి చేరి పొర కడుతుంది.

ఇక అస్ఫటిక రిబ్బన్లు ట్రాన్స్‌ఫార్మర్ల కోర్లలోకి వెళ్లాయి, అదీ తుప్పును ఆపడం కోసం కాదు, అయస్కాంత గుణాల కోసం. 1990లలో మందపాటి గాజులోహాలూ వచ్చాయి. ఉక్కు మీద ఇనుప గాజులోహాన్ని పూతగా చిమ్మే పద్ధతి ఇప్పుడు ఉంది. అందులో మిగిలిపోయే సన్నని రంధ్రాలే అసలు బెడద. ఉప్పునీరు వాటిగుండా దిగి కింది ఉక్కును చేరితే, పైపూత ఎంత మొండిదైనా అడుగు నుంచి లేచిపోతుంది.