రగ్డ్ ట్యాబ్‌కు తగిలించేవి, తగిలించకూడనివి

రగ్డ్ ట్యాబ్ అంటే దుమ్మును, నీళ్లను, కుదుపులను, చేయిజారి కిందపడటాన్ని తట్టుకునేలా తయారుచేసిన టాబ్లెట్ కంప్యూటర్. గోడౌన్లు, గనులు, పోలీసు వాహనాలు, చమురు శుద్ధి కర్మాగారాలు దీని చోట్లు. పానసోనిక్ టఫ్‌బుక్, గెటాక్, జీబ్రా, డెల్, శామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ యాక్టివ్ ఈ కోవలో బాగా తెలిసిన పేర్లు. మామూలు ట్యాబ్ కంటే చాలా ఎక్కువ ధర పెట్టి దీన్ని కొనేవారికి ఒట్టి తెర ఒక్కటే సరిపోదు. దానికి బార్‌కోడ్ స్కానర్ కావాలి, వేలిముద్రల యంత్రం కావాలి, జీపులో బిగించుకునే స్టాండు కావాలి, పాత కాటా యంత్రంతో కలిపే వైరు కావాలి. చిక్కంతా అక్కడే ఉంది. దుమ్మూ నీరూ చొరబడకూడదంటే ట్యాబ్ ఒంటికి కన్నం ఉండకూడదు. కొత్త పరికరం తగిలించాలంటే మాత్రం ఎక్కడో ఒకచోట కన్నం పెట్టక తప్పదు. ఈ రెంటికీ పొత్తు కుదర్చడమే రగ్డ్ ట్యాబ్ అనుబంధ పరికరాలను రూపొందించేవారి పని.

ట్యాబ్ ఎంత గట్టిదో చెప్పే ఐపీ అంకెలకు ఆధారం అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ వారి 60529 ప్రమాణం. ఐపీ67లో 6 అంటే దుమ్ము బొత్తిగా లోపలికి పోదు. 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా ఫర్వాలేదు. ఐపీ65లోని 5కు పరీక్ష వేరు: 6.3 మిల్లీమీటర్ల నాజిల్ నుంచి నిమిషానికి 12.5 లీటర్ల చొప్పున నీటిధార కొడతారు. మునక పరీక్ష నెగ్గినది ధారకు తట్టుకుంటుందన్న హామీ ఏమీ లేదు. కొందరు తయారీదారులు రెండు అంకెలనూ పక్కపక్కనే అచ్చువేసేది అందుకే. మూతలున్న పోర్టులకు ఈ పరీక్షలు సాధారణంగా మూతలు మూసే చేస్తారు. యూఎస్‌బీ మూత తెరిచి పెన్‌డ్రైవ్ పెట్టిన క్షణం నుంచి పెట్టె మీది అంకె ఆ ట్యాబ్‌కు వర్తించదు.

ఆ మూతను దగ్గరగా చూస్తే లోపలి అంచున సన్నని సిలికోన్ రబ్బరు గట్టు కనిపిస్తుంది. మూత నొక్కినప్పుడు అది సాకెట్ చుట్టూ అణిగి, గీత కూడా ఖాళీ లేకుండా కూర్చుంటుంది. ఆ గట్టు మీద ఒక్క ఇసుక రేణువో, తల వెంట్రుకో పడితే చాలు, నీటికి దారి దొరికినట్టే. ఏళ్ల తరబడి నొక్కుకుని ఉన్న రబ్బరు తిరిగి ఉబ్బడం మానేస్తుంది, ఎండకు బిరుసెక్కుతుంది. అందుకే మూతలను విడిభాగాలుగా అమ్ముతారు. కొనేవాళ్లు అన్నిటికంటే తక్కువగా పట్టించుకునేదీ, మార్చడానికి అన్నిటికంటే చవకైనదీ ఈ రబ్బరు ముక్కే.

పోర్టుల్లో ఎప్పుడూ వైర్లు గుచ్చే అవసరం లేకుండా చేసిన ఏర్పాటే విస్తరణ మాడ్యూలు. ట్యాబ్ వెనుకో, పై అంచునో ఒక గూడు ఉంటుంది. అందులో కావలసిన పరికరాన్ని పెట్టి, చుట్టూ రబ్బరు వేసి స్క్రూలతో బిగిస్తారు. 2013లో వచ్చిన పానసోనిక్ ఎఫ్‌జెడ్-జీ1లో ఇలాంటి చోటు ఒకటే ప్రధానం. అక్కడ సీరియల్ పోర్టు కావాలో, లాన్ పోర్టు కావాలో, రెండో యూఎస్‌బీ కావాలో ఆర్డరు ఇచ్చేటప్పుడే తేల్చుకోవాలి. తర్వాత మనసు మారితే కుదరదు. 2021 నాటి టఫ్‌బుక్ జీ2లో ఇలాంటి గూళ్లు పెరిగాయి, కొన్నవారే వాటిలోని మాడ్యూళ్లను మార్చుకోవచ్చు. బార్‌కోడ్ రీడరు, థర్మల్ కెమెరా, సీరియల్ పోర్టు వంటివి వాటిలో ఇముడుతాయి.

ఈ జాబితాలో సీరియల్ పోర్టు ఉండటం కొత్తవారికి వింతగా తోస్తుంది. ఆర్‌ఎస్-232 ప్రమాణం 1960 నాటిది. లారీలను తూచే వేబ్రిడ్జిలు, ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే పీఎల్‌సీలు, సర్వేయర్ల టోటల్ స్టేషన్లలో చాలావరకు ఇప్పటికీ అదే భాషలో మాట్లాడతాయి. ఆ యంత్రాల ఆయుష్షు ఇరవై ముప్పై ఏళ్లు, ట్యాబ్‌ది ఐదారేళ్లు. కాబట్టి దిగి రావలసింది ట్యాబే. యూఎస్‌బీని సీరియల్‌గా మార్చే వైరు చవకే, కానీ దాన్ని గుచ్చాలంటే మూత తెరవాలి, వేలాడే వైరుకు చేయి తగిలితే సాకెట్ విరుగుతుంది. బురదలో పనిచేసే చోట స్క్రూలతో బిగించిన తొమ్మిది పిన్నుల పోర్టే మేలు.

బార్‌కోడ్‌ను ట్యాబ్ కెమెరా కూడా చదవగలదు. విడిగా ఇమేజర్ పెట్టేది వేగం కోసం. దానికి గురి చూపే సొంత కాంతి ఉంటుంది, చీకటి గోడౌన్‌లో నలిగిన లేబుల్‌ను కూడా రెప్పపాటులో చదివేస్తుంది. ఆర్‌ఎఫ్‌ఐడీ రీడరు కొనేటప్పుడు జాగ్రత్త పడాల్సిన సంగతి ఇంకొకటి: భారతదేశంలో యూహెచ్‌ఎఫ్ ట్యాగులకు లైసెన్సు అక్కరలేని పట్టీ 865-868 మెగాహెర్ట్జ్. ఫాస్టాగ్ పనిచేసేది కూడా ఆ పట్టీలోనే. అమెరికాలో అది 902-928. కాబట్టి అక్కడి మోడల్‌ను ఇక్కడికి తెచ్చి వాడటం నిబంధనలకు విరుద్ధం. ఆధార్‌తో పనిచేసే వేలిముద్రల యంత్రానికి షరతు వేరే ఉంది. ఎల్1 తరగతి పరికరాల్లో వేలిముద్ర వివరాలు యంత్రం లోపలే సంకేతబద్ధమై, ఆ తర్వాతే ట్యాబ్‌కు చేరుతాయి. ట్యాబ్‌లోని సాఫ్ట్‌వేర్‌కు అసలు ముద్ర కంటపడదు.

వాహనంలో బిగించే డాక్ ఈ అనుబంధాలన్నిటిలోకీ సంక్లిష్టమైనది. ట్యాబ్ అడుగున బంగారు పూత వేసిన చిన్న చిన్న బిళ్లలుంటాయి, డాక్‌లో వాటికి ఎదురుగా స్ప్రింగు పిన్నులుంటాయి. ట్యాబ్‌ను కూర్చోబెట్టగానే పిన్నులు అణిగి బిళ్లలకు ఆనుకుంటాయి. కన్నం లేదు, మూత లేదు, తడి తుడిచేస్తే సరి. యూఎస్‌బీ, లాన్, కరెంటు అన్నీ ఆ పిన్నుల గుండానే పోతాయి. వాహనాల డాక్‌లలో వీటితో పాటు యాంటెన్నాకు కూడా దారి ఇచ్చే రకాలున్నాయి. వాహనం ఇనుప గుల్ల రేడియో తరంగాలను అడ్డుకుంటుంది కనుక, ట్యాబ్ డాక్‌లో ఉన్నంతసేపూ మొబైల్, జీపీఎస్ సంకేతాలు టాపు మీది యాంటెన్నా నుంచి వస్తాయి.

డాక్‌కు కరెంటు ఇవ్వడం కూడా తేలిక కాదు. కారు బ్యాటరీ 12 వోల్టులు, లారీది 24 అని లెక్క. ఇంజను స్టార్టు చేసేటప్పుడు ఆ 12 కాస్తా ఆరేడుకు పడిపోవచ్చు. ఆల్టర్నేటర్ చార్జి చేస్తుండగా బ్యాటరీ తీగ ఊడితే అరక్షణంలోపే పదుల వోల్టులు ఎగదన్నుతాయి. మంచి డాక్‌తో వచ్చే కన్వర్టరు ఈ రెంటినీ తట్టుకుంటుంది. తాళం తీశాక కొన్ని నిమిషాలకు తనంతట తానే ఆగిపోయి వాహనం బ్యాటరీని కాపాడుతుంది. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే చవక చార్జరు నుంచి ఇవన్నీ ఆశించలేం. డాక్‌ను నిలబెట్టే బ్రాకెట్లలో రబ్బరు గుండు జాయింట్లున్నవి ఎక్కువ వాడుకలో ఉన్నాయి, రబ్బరు కుదుపును కొంత మింగుతుంది. గోడకో, ఫోర్క్‌లిఫ్టుకో బిగించడానికి మానిటర్లకు వాడే 75, 100 మిల్లీమీటర్ల వెసా రంధ్రాల అమరికే పనికొస్తుంది.

బ్యాటరీలను పని ఆపకుండా మార్చుకోవడానికి రెండు పద్ధతులున్నాయి. రెండు బ్యాటరీలుండి ఒకటి తీసినా రెండోది నడిపించడం ఒకటి. లోపల చిన్న వంతెన బ్యాటరీ నిమిషం పాటు నిలబెట్టడం రెండోది. లిథియం అయాన్ బ్యాటరీని సున్నా డిగ్రీల కింద చార్జి చేస్తే లోపల లోహపు లిథియం పేరుకుని పాడవుతుంది. తెలుగు ప్రాంతాల్లో వచ్చే ఇబ్బంది రెండో కొసన ఉంది: బ్యాటరీ వేడి 45 డిగ్రీలు దాటితే చాలా ట్యాబ్‌లు చార్జింగ్ ఆపేస్తాయి. మే నెలలో రామగుండం ఓపెన్‌కాస్ట్ గనుల్లో తిరిగే వాహనం డ్యాష్‌బోర్డు అంతకంటే వేడెక్కుతుంది. డాక్ చెడిపోయిందనుకుని రిపేరుకు పంపేముందు ట్యాబ్‌ను నీడపట్టున పెట్టి చూడటం మంచిది.

చేతిపట్టీలు, భుజానికి తగిలించే బెల్టులు, స్టైలస్‌ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. స్టైలస్‌కు తాడు కట్టుకోవాలి, లేకపోతే వారంలో పోతుంది. పట్టీ మాత్రం చాలా పడిపాట్లను తప్పిస్తుంది.

పడిపోవడానికి కొలత అమెరికా సైన్యపు మిల్-స్టాండర్డ్ 810. దాని ప్రకారం ట్యాబ్‌ను 122 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 26 సార్లు జారవిడుస్తారు: ఆరు ముఖాల మీద, పన్నెండు అంచుల మీద, ఎనిమిది మూలల మీద. ఆ 26నూ ఐదు ట్యాబ్‌ల దాకా పంచుకోవచ్చునని అదే ప్రమాణం అనుమతిస్తుంది. ప్రకటనల్లో ఈ మాట కనబడటం అరుదు. 1.2 కిలోల ట్యాబ్ ఆ ఎత్తు నుంచి పడితే నేలకు తాకే శక్తి సుమారు 14 జౌళ్లు. అదనపు బ్యాటరీ, స్కానరు, కీబోర్డు కలిపి మరో 600 గ్రాములు ఎక్కిస్తే అది 21 జౌళ్లు దాటుతుంది. ప్రమాణపత్రంలోని అంకె ఏ అమరికతో వచ్చిందో అడిగి తెలుసుకోవలసింది అందుకే.

కన్నమే అక్కరలేని మార్గం బ్లూటూత్. సెంటీమీటర్ల కచ్చితత్వం కావలసిన సర్వేలో ఉపగ్రహ సంకేతాలను అందుకునే జీఎన్‌ఎస్‌ఎస్ రిసీవరు (రోవరు) కర్ర చివర ఉంటుంది, చేతిలోని ట్యాబ్ లేదా కంట్రోలరు దానితో వైరు లేకుండానే మాట్లాడుతుంది. 2020 డిసెంబరులో మొదలైన ఆంధ్రప్రదేశ్ భూముల రీసర్వేలో వాడిన రోవర్లు ఈ జాతివే. కార్స్ అనే స్థిర రిఫరెన్స్ స్టేషన్ల నుంచి వచ్చే సవరణలతో అవి హద్దురాళ్ల స్థానం తేల్చాయి.

పేలుడు వాయువులుండే చోట లెక్క మొత్తం మారిపోతుంది. విశాఖ రిఫైనరీ లాంటి చోట్ల వాయువు ఉండే ప్రమాదాన్ని బట్టి ఆవరణను జోన్లుగా విభజిస్తారు. అక్కడికి తీసుకెళ్లే ట్యాబ్ వాయువును అంటించేంత నిప్పురవ్వ పుట్టించదని ధ్రువీకరణ పొంది ఉండాలి. భారతదేశంలో ఆ అనుమతి ఇచ్చేది నాగ్‌పూర్ కేంద్రంగా ఉన్న పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ (పెసో). ఆ ధ్రువీకరణ ట్యాబ్‌కే కాదు, దానితో కలిపి పరీక్షించిన బ్యాటరీకి, స్కానరుకు, కవరుకు కూడా చెందుతుంది. జాబితాలో లేని స్కానరు ఒక్కటి తగిలించినా పత్రం చెల్లదు. చార్జింగ్ పెట్టడం, బ్యాటరీ మార్చడం, పోర్టు మూత తీయడం జోను దాటి బయటికొచ్చాకే.