కెమెరా ఇంజనీరుకు అమెరికాలో జీతమెంత?

పిల్లల్ని ఇంజనీరింగ్ చదివిస్తున్న క్యాంపు సోదరులు ఈ మధ్య మమ్మల్ని తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. అమెరికాలో కెమెరా ఇంజనీరుకు నెలకు లక్షల్లో జీతమంటున్నారు, నిజమేనా అని.

నిజమే. కాకపోతే ఏ కెమెరా ఇంజనీరో ముందు తేల్చుకోవాలి. గోడకు సీసీ కెమెరా బిగించి, వైరు లాగి, రికార్డరు సెట్ చేసే పని మనవాళ్లలో చాలామందికి వచ్చు. ఆ పనికి హెచ్-1బి వీసా రాదు. డిగ్రీ తప్పనిసరైన ఉద్యోగానికే ఆ వీసా. పెద్ద జీతాలు ఫోనులో, కారులో ఉండే కెమెరాను తయారుచేసే వాళ్లవి. అంటే లెన్స్ డిజైన్ చేసేవాళ్లు, సెన్సార్ పరీక్షించేవాళ్లు, చీకట్లో తీసినా ముఖం స్పష్టంగా వచ్చేలా ప్రోగ్రాం రాసేవాళ్లు.

అమెరికా కార్మిక శాఖ లెక్కల్లో వీళ్లకు విడిగా పద్దు లేదు. దగ్గరగా ఉండే కంప్యూటర్ హార్డ్‌వేర్ ఇంజనీర్లలో సగం మందికి 2023లో ఏడాదికి 1,38,080 డాలర్లకు పైనే వచ్చింది. నెలకు సుమారు 11,500, అదీ పన్నులు కోయకముందు. ఈ కంపెనీలు ఎక్కువగా ఉన్న కాలిఫోర్నియాలో ఇంటి అద్దె జీతంలో పెద్ద ముక్కే మింగేస్తుంది. అక్కడ 2023 జనవరి నుంచి, 15 మంది అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న కంపెనీ ఉద్యోగ ప్రకటనలోనే జీతం ఎంత నుంచి ఎంతో రాయాలి. ఊళ్లో చెప్పుకునే అంకె వదిలేసి, ఆ ప్రకటనలు చూడమని అబ్బాయికి చెప్పండి.

కంపెనీ పేరు చూసి మురిసిపోకూడదు కూడా. 1975లో మొదటి డిజిటల్ కెమెరా చేసింది కోడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్. ఆ కోడాకే 2012లో దివాలా తీసింది. పని ఫోన్లకు, కార్లకు మారిపోయింది.

దారి కష్టమైనదే. ఎంఎస్ చదివాక పని చేసుకోడానికి ఏడాది, ఇంజనీరింగ్ వాళ్లకు మరో రెండేళ్లు ఇస్తారు. ఆలోపు హెచ్-1బి డ్రాలో పేరు రావాలి. ఏటా ఉండేవి 85,000. విదేశం నుంచి కొత్తగా తెచ్చుకునే వాళ్లకు లక్ష డాలర్ల ఫీజు కట్టాలని 2025 సెప్టెంబరులో ఉత్తర్వు వచ్చింది. అక్కడే చదివి వీసా మార్చుకునే వాళ్లకు అది వర్తించదన్నారు.

కాలేజీ సంగతి మరీ ముఖ్యం. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీని అధికారులు మూయించినప్పుడు రోడ్డున పడ్డవాళ్లలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకు నిఘా పట్టీలు కూడా కట్టారు.

హెచ్-1బి ఫీజు, లాయరు ఖర్చు కంపెనీయే భరించాలన్నది అక్కడి చట్టం. ఆ పేరుతో ఏజెంటు డబ్బు అడిగితే పైసా ఇవ్వకండి.