రాబందు లేని లోటు

అపశకునమని జనులు ఛీత్కరించు పక్షి యొకటి వారి యారోగ్యమునే కాపాడుచుండెనని, అది కనుమరుగైన పిదపగాని దేశమునకు దెలియరాలేదు. ఆ పక్షి రాబందు.

చచ్చిన పశువును ఊరివెలుపల పారవేయుట మన గ్రామములందు ఆచారము. రాబందుల గుంపు వ్రాలినచో గంట గడచులోపల ఎముకలు మాత్రమే మిగులుచుండెను. కుళ్లిన మాంసమందలి సూక్ష్మజీవులు పెక్కు వాని జఠరాగ్నికే ఆహుతి యగుచుండెను. 1980 ప్రాంతమున మన దేశమందు నాలుగుకోట్ల రాబందు లుండెనని నిపుణుల యంచనా. 1992 మొదలు 2007 నాటికి తెల్లవీపు రాబందు వేయింట ఒకటిగా క్షీణించెను.

ఇది వేటగాని పనియు గాదు, తెగులును గాదు. పశువుల నొప్పులకు, వాపులకు వాడు డైక్లోఫినాక్ అను ఔషధమే కారణమని 2004లో పరిశోధకులు పాకిస్థానమందు నిరూపించిరి. ఆ మందు పుచ్చుకొని కొలదిదినములలో మరణించిన పశువును దినిన రాబందునకు మూత్రపిండములు చెడి, లోపలి యవయవములపై యూరికామ్లము తెల్లగా పేరుకొని ప్రాణము పోవును.

రాబందులు వదలిన విందు కుక్కల పాలయ్యెను. కుక్కలు పెరిగినకొలది పిచ్చికుక్క కాటు భయమును హెచ్చెను. కళేబరములు కుళ్లి నీటివనరులు కలుషితము లయ్యెను. ఒకప్పుడు రాబందులు విస్తారముగా నుండిన జిల్లాలను, లేని జిల్లాలతో పోల్చి ఫ్రాంక్, సుదర్శన్ అను అర్థశాస్త్రజ్ఞులు 2024లో ఒక లెక్క ప్రకటించిరి. 2000–2005 నడుమ ఈ లోటువలన అదనముగా ఐదులక్షల మంది మరణించిరని వారి యంచనా. పశువు నొప్పి మాన్పు మందు మనుష్యుల మరణమునకు దారితీయునని యెవ్వ రూహింపగలరు?

ప్రభుత్వము 2006లో ఈ మందును పశువైద్యమున నిషేధించెను. అయినను మనుష్యులకొరకు తయారైన పెద్దబుడ్లు పశువులకు వాడబడుచుండుటచే, 2015లో బుడ్డి పరిమాణమును 3 మిల్లీలీటర్లకు తగ్గించిరి. కీటోప్రొఫెన్, అసిక్లోఫినాక్ మందులను సయితము 2023లో పశువులకు నిషేధించిరి. హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలయందును రాబందుల సంతానవృద్ధికి కృషి జరిగినది. కాని రాబందు ఏడాదికి పెట్టునది ఒక్క గ్రుడ్డే. పోయిన సంతతి శీఘ్రముగా మరలిరాదు.

శాసనము పశువులకొట్టము వరకు రాజాలదు. అచట ధర్మకర్త యజమానియే. రాబందులకు హాని సేయని మెలాక్సికామ్ లభించుచుండగా నిషిద్ధౌషధమును జొప్పించుట క్షమింపరానిది. పశువునకు సూది వేయించునపుడు మందు పేరడిగి తెలిసికొనవలయునని రైతుసోదరులను మేము కోరుచున్నాము. లేపాక్షి నామమునకు జటాయువు కథను చెప్పుకొను ఆంధ్రులు ఆ వంశమును కథలకే పరిమితము గానీయరాదు.