మెడనొప్పికి కారణం మనమే తేల్చవద్దు

మెడనొప్పి రాగానే మన ఇళ్లలో కారణం సిద్ధంగా ఉంటుంది: "మూట మోశాను, పట్టేసింది", "తలగడ ఎత్తయింది". చాలాసార్లు అది నిజమే. కొద్ది వారాల్లో తగ్గిపోతుంది. తగ్గనప్పుడు మాత్రం ఆ మాటనే నమ్ముకొని కూర్చోరాదు.

మెడలో 7 ఎముకలున్నాయి. వాటి మధ్యనున్న మెత్తని చక్రాలు అరిగి నరాన్ని నొక్కితే నొప్పి చేతిలోకి దిగి తిమ్మిరెక్కుతుంది. వెన్నుపామునే నొక్కితే గుండీలు పెట్టుకోవడం కష్టమవుతుంది, నడక తూలుతుంది. అప్పుడు ఆలస్యం చేస్తే పోయిన బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రిపూట నొప్పి ఉంటే వెన్నెముకకు క్షయ సోకి ఉండవచ్చు. క్షయ మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు.

ఎక్స్‌రేలో అరుగుదల కనబడగానే కారణం దొరికిందనుకోవద్దు. నడివయసు దాటిన చాలామందికి నొప్పి లేకున్నా అది కనబడుతుంది. డాక్టరుగారు చేతుల బలం, స్పర్శ, నడక చూసి, అవసరమైతే రక్తపరీక్ష, ఎం.ఆర్.ఐ. చేయిస్తారు. అంతవరకు ఎవరిచేతా మెడ విరిపించుకోకండి.

నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎటు పాకుతోంది, ఇంకేమి తోడయ్యాయి అన్నవి రాసుకొని వెళ్లండి. మీ ఇంటి ఇల్లాలు నెలల తరబడి మెడ పట్టుకొనే నీళ్లు మోస్తూ ఉంటే, ఆమె నోరు తెరిచి అడిగేదాకా ఆగకండి. మీరే తీసుకువెళ్లండి.