ఒక్క రూపాయి, ఒక్క తేదీ: గది బిల్లులో పన్ను ఎక్కడ తప్పుతుంది?

2025 సెప్టెంబర్ 22న హోటల్ గదులపై జీఎస్టీ మారింది. సరిగ్గా రెండు రోజులకు, 24న, తిరుమలలో శ్రీవారి సాలకట్ల బ్రహ్మోత్సవాలు మొదలయ్యాయి. 28న గరుడసేవ. తిరుపతి లాడ్జీలకు ఊపిరాడని ఆ రోజుల్లోనే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో పన్ను సెట్టింగులు మార్చుకోవాల్సి వచ్చింది.

రోజుకు 2,000 రూపాయల గదికి పాత పన్ను 12 శాతం, అంటే 240 రూపాయలు. కొత్త పన్ను 5 శాతం, అంటే 100. సెట్టింగు మార్చకపోతే యాత్రికుడు గదికి రోజుకు 140 రూపాయలు ఎక్కువ కడతాడు. శాతం మార్చేస్తే సరిపోతుందనుకుంటే పొరపాటు. బిల్లు తప్పు వస్తుంటే చూడాల్సినవి మూడున్నాయి.

అద్దె ఎంత, గది ఎవరిది?

రోజు అద్దె 7,500 వరకు 5 శాతం, అది దాటితే 18 శాతం. 7,500 గదికి పన్ను 375 రూపాయలు. 7,501 అయితే 1,350. ఒక్క రూపాయికి 975 తేడా!

ధార్మిక సంస్థల సత్రాల లెక్క వేరు. పుణ్యక్షేత్ర ప్రాంగణాల్లో అర్హత ఉన్న సంస్థలు ఇచ్చే గది అద్దె రోజుకు 1,000 కంటే తక్కువైతే పన్నే లేదు. 999కి మినహాయింపు ఉంది, 1,000కి లేదు. ప్రైవేటు లాడ్జీల్లో వెయ్యి వరకు అద్దె ఉన్న గదులకు ఉన్న మినహాయింపు 2022 జులై 18న పోయింది. దాంతో సత్రాల విషయంలో తలెత్తిన అనుమానాన్ని అదే ఏడాది ఆగస్టు 4న కేంద్రం తీర్చింది: ఆలయ ప్రహరీ బయట ఉన్నా సత్రాలకు మినహాయింపు కొనసాగుతుందని చెప్పింది.

ఒక హద్దు ‘వరకు’, ఇంకొకటి ‘కంటే తక్కువ’. సాఫ్ట్‌వేర్‌లో రెండింటికీ ఒకే గుర్తు పెడితే హద్దు మీదున్న గదికి తప్పుడు బిల్లు వస్తుంది.

ఏ తేదీ లెక్క?

తిరుమల యాత్రికులు దర్శనం టికెట్లతో పాటు గదులూ ముందుగానే చూసుకుంటారు. 2025 ఆగస్టులో డబ్బు కట్టి సెప్టెంబర్ 25న దిగినవారికి ఏ రేటు? జీఎస్టీ చట్టంలోని 14వ సెక్షన్ మూడు తేదీలు చూస్తుంది: బస, ఇన్వాయిస్, చెల్లింపు. వీటిలో రెండు ఎటు పడితే ఆ రేటే. చెల్లింపు ఒక్కటే పాతదై, ఇన్వాయిస్ గది ఖాళీ చేసిన రోజు ఇస్తే 5 శాతం. ఇన్వాయిస్ కూడా ఆగస్టులోనే ఇచ్చి ఉంటే 12 శాతం. బుకింగ్ తేదీని బట్టే పన్ను వేసేలా సెట్ చేసిన సాఫ్ట్‌వేర్ ఇక్కడే దారి తప్పుతుంది.

ఏ రాష్ట్రం?

తిరుపతికి చెన్నై, బెంగళూరు కంపెనీల బుకింగులు వస్తాయి. కస్టమర్ చిరునామా చూసి సాఫ్ట్‌వేర్ ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య లావాదేవీల పన్ను) వేస్తే తప్పు. గది ఎక్కడుంటే పన్ను అక్కడిదే. కాబట్టి కేంద్రం వాటా సీజీఎస్టీ 2.5 శాతం, ఆంధ్రప్రదేశ్ వాటా ఎస్‌జీఎస్టీ 2.5 శాతం. రెండు చోట్లా 5 అని కొడితే యాత్రికుడిపై 10 శాతం పడుతుంది.

సరిచేసే పద్ధతి

పాత రేటును చెరిపి దాని మీద కొత్తది రాయకూడదు. అలా రాస్తే పాత బిల్లు రద్దు చేసినప్పుడు, డబ్బు వాపసు ఇచ్చినప్పుడు లెక్క చెడుతుంది. 12 శాతానికి సెప్టెంబర్ 21 ముగింపు తేదీగా ఇచ్చి, 22 నుంచి 5 శాతానికి కొత్త వరుస చేర్చాలి. 5 శాతం రేటులో ఇన్‌పుట్ క్రెడిట్ (లాడ్జీ తన కొనుగోళ్లపై కట్టిన పన్నును తగ్గించుకునే వీలు) ఉండదు కనుక ఆ సెట్టింగునూ ఆపాలి.

తర్వాత నమూనా బిల్లులు తీయాలి: సత్రంలో 999, 1,000, లాడ్జీలో 7,500, 7,501, 21న ఒకటి, 22న ఒకటి, చెన్నై కంపెనీ పేరిట ఒకటి. ఏడూ సరిగ్గా వచ్చాకే కౌంటర్ తెరవాలి. కౌంటర్‌లో కూర్చున్న కుర్రాడు చేత్తో దిద్దిన బిల్లు ఆ పూట గడుపుతుంది, తప్పు మాత్రం సాఫ్ట్‌వేర్‌లోనే ఉండిపోతుంది.

లాడ్జీ యజమానులకు ఒక విన్నపం: దూరాల నుంచి వచ్చే భక్తుడు పన్ను వరుస చదవకుండానే డబ్బు కడతాడు. ఆ నమ్మకాన్ని కాపాడే బాధ్యత మీదే. యాత్రికులూ బిల్లు చేతికి రాగానే అద్దె, తేదీ, శాతం మూడూ చూసుకోండి.